చప్పట్ల మేస్త్రీ

ఆ సాయంత్రం జెలీ పాదాలు జోళ్ళలో పట్టలేదు.

ముందురోజు రిహార్సల్లో పట్టాయి. ఎర్ర శాటిన్ జోళ్ళు, ఎత్తు మడమలవి. రెండో అంకం మొత్తం వాటి మీదే నడుస్తుంది. నాటకంలో పెరూ దేశపు లీమా రేవులో చేపలమ్ముకునే పిల్లని చూసి వైస్రాయ్ ముచ్చటపడతాడు, కోటకి తెప్పిస్తాడు, పట్టుగౌను తొడిగిస్తాడు, పుట్టాక ఎన్నడూ జోడెరగని కాళ్ళకి ఈ జోళ్ళు వేయిస్తాడు. ఆ పిల్ల స్పెయిన్ దొరల మధ్య తూలుతూ, పడుతూ, లేస్తూ పాడే పాట ఒకటుంది. మొదటి ఆట పడకముందే ఆ పాట గురించి పారిస్ అంతా వారం రోజులుగా చెప్పుకుంటోంది.

"కదలకు. పక్క నుంచి కోస్తున్నాను," అంది క్లెమాన్స్. జెలీకి దుస్తులు వేసే మనిషి ఆమె. కత్తెర జోడులోకి దించింది. "పైన రిబ్బను కుట్టేస్తాను. హాల్లో ఎవడికీ కనిపించదు."

"హాల్లో వాళ్ళకి కాదు, యజమాని దర్వియేకి కనిపించకూడదు," అంది జెలీ.

తలుపు దగ్గర నిలబడ్డ ఆంబ్రువాజ్ కొర్బో లోపలికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూతురి చీలమండ మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండిపోయింది.

గుండె అలిసిపోయిందనీ, కాళ్ళలోకి నీరు దిగుతోందనీ, మంచం దిగితే తన పూచీ లేదనీ ఇంటికొచ్చిన డాక్టరు పొద్దున్నే చెప్పి వెళ్ళాడు. ఆయన కాక ఆ మాట తెలిసినవాళ్ళు లోకంలో ముగ్గురే. ముగ్గురూ ఇప్పుడు ఆ గదిలోనే ఉన్నారు.

"నీ వేషం ఒర్తాన్స్‌కి ఇచ్చేద్దాంరా తల్లీ, ఈ ఒక్క రాత్రికి. నీ బదులు పాడడానికే కదా ఆమెని పెట్టుకున్నారు," అన్నాడు ఆంబ్రువాజ్.

"ఈ ఒక్క రాత్రే కదా అసలు రాత్రి. వినిపిస్తోందా? గోడ అవతల నా పాటలన్నీ కూనిరాగం తీస్తోంది. పాలగిన్నె చూసిన పిల్లిలా లేదూ ఆ గొంతు?"

"నవ్వులాట కాదు."

"నాకు ముప్పై నాలుగు నాన్నా. ఇన్నేళ్ళూ కోరస్‌లో కడవ మోశాను, పళ్ళెం మోశాను, ఇంకెవరిదో గౌను కొంగు మోశాను. నా పేరు పోస్టరు మీద పైవరసలో పడడం ఇదే మొదటిసారి. నేను ఇవాళ మంచం ఎక్కితే మళ్ళీ దిగుతానని నువ్వు రాసిస్తావా?"

ఆంబ్రువాజ్ కింద పడిన రిబ్బను ముక్క తీసి క్లెమాన్స్‌కి అందించాడు.

"అందుకని ఒక్క పని చెయ్యి," అంది జెలీ. "నేను ఎప్పుడు పడినా నవ్వించు. పడాల్సిన చోట పడినా, పడకూడని చోట పడినా. జనం నవ్వుతుంటే దర్వియే అనుమానపడడు."

"మరీ చేతకాకపోతే?"

జెలీ ఒళ్ళో ఉన్న విసనకర్ర తీసి ఎడమ చేతిలోకి మార్చుకుంది. ఆ పాటలో అది ఎప్పుడూ కుడిచేతిలోనే ఉంటుంది.

"ఇది ఎడమ చేత్తో కింద పడేస్తే నిజమన్నమాట. అప్పుడు ఆపించు."

"మాటేనా?"

"మాటే. వెళ్ళు ఇంక. నువ్విక్కడ కనపడితే నా పని అయిపోతుంది."

నిజమే. కొర్బో ఆ థియేటర్‌లో చప్పట్ల మేస్త్రీ. కూలికి చప్పట్లు కొట్టే జట్టు అంతా అతని చేతికింద ఉంటుంది. అతని కూతురు పాటకత్తె అని తెలిస్తే ఆ మర్నాటి నుంచి ఆమెకి పడే ప్రతి చప్పట్నీ పత్రికలవాళ్ళు నాన్నగారి కానుక అని రాస్తారు. అందుకే ఆమె తల్లి ఇంటిపేరుతోనే పాడుతోంది. అందుకే ఇన్నేళ్ళూ ఆమె పాడిన ఏ హాలుకీ అతను పనికి ఒప్పుకోలేదు. ఆమె మొదటి పెద్ద వేషమని ఈ ఆట ఒక్కటే ఒప్పుకున్నాడు. ఊరందరి కూతుళ్ళకీ చప్పట్లు కొట్టించినవాడు సొంత కూతురికి కొట్టించడం ఇవాళే మొదలు.

*

వీధి మలుపులో ఉన్న సారాకొట్టులో జట్టు అప్పటికే చేరింది. హాలు తలుపులు జనానికి తీయకముందే వీళ్ళు వెళ్ళి పెద్ద దీపాల షాండ్లియర్ కింద వరసల్లో సర్దుకోవాలి.

బిదాల్ బెంచీ సగం ఆక్రమించుకుని కూర్చున్నాడు. పగలు మంగలి, రాత్రి నవ్వులవాడు. వాడి పొట్టలోంచి పుట్టే నవ్వు విని గుండె రాయైనవాడు కూడా నవ్వకుండా ఉండలేడని పేరు. వాడి పక్కన ఏడుపులకి కుదిరిన ఇద్దరు ఆడవాళ్ళు ఉల్లిపాయ సూప్ తాగుతున్నారు.

"కొత్తవాళ్ళున్నారు. గుర్తులు మళ్ళీ చెబుతున్నాను," అన్నాడు ఆంబ్రువాజ్. "నేను టోపీ అంచు ముట్టుకుంటే నవ్వు. చేతిగుడ్డ తీస్తే ఏడుపు. గ్లోవు తొడ మీద కొడితే చప్పట్లు."

"లేస్తే?" అన్నాడు ఒక కొత్తవాడు.

బిదాల్ వాడి నెత్తి మీద ఒక్కటిచ్చాడు. "గురువుగారు లేస్తే నీ తాతలు సమాధుల్లోంచి లేవాలి. అరవాలి, తొక్కాలి, మళ్ళీ పాడమని 'బిస్, బిస్' అని గొంతు చిరిగేదాకా కేకలెయ్యాలి. ఆయన ఊరికే లేవరు. ఏడాదికోసారి లేస్తే గొప్ప."

"నా మాట వినడానికి ప్రయత్నించకండి," అన్నాడు ఆంబ్రువాజ్. "ఆ గోలలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. నన్ను చూడండి. అంతే."

"ఇవాళ లేస్తారా గురువుగారూ?"

"ఇవాళ లేవను."

"ఈ చేపలపిల్ల గురించి గొప్పగా చెబుతున్నారే మరి?"

"ఆమె పడిన ప్రతిచోటా నవ్వండి. నాటకం పుస్తకంలో ఉన్న చోటే అని లేదు. నా టోపీ చూడండి."

బిదాల్ గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. "మరేం, పడేవాళ్ళని చూసి నవ్వడానికి నాకు డబ్బులు కూడా అక్కర్లేదు. మా ఆవిడ మెట్ల మీంచి జారినప్పుడు ఊరికే నవ్వాను. ఇదిగో, ఈ పన్ను అప్పుడే పోయింది."

జట్టంతా నవ్వింది. ఆంబ్రువాజ్ ఒక్కడే నవ్వలేదు. పనిలో ఉన్నప్పుడు అతను నవ్వడని వాళ్ళకి తెలుసు.

*

మొదటి అంకం అలవోకగా గడిచింది. ఉత్తకాళ్ళతో, బుట్ట నెత్తిన పెట్టుకుని జెలీ రంగం మీదకి వచ్చింది. రేవులో బేరం పాట పాడింది. గొంతు బంగారంలా పలికింది. చప్పట్ల కోసం ఆంబ్రువాజ్ గ్లోవు ఎత్తేలోపే బాల్కనీలో ఎవరో కొట్టడం మొదలుపెట్టారు. అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తాను కూలి ఇవ్వని చప్పట్లు అవి. అవి ఎలా ఉంటాయో అతను మరిచిపోయి చాలాకాలమైంది.

విరామంలో రంగం వెనక్కి పరుగెత్తాడు. గది తలుపు ఓరగా తీసి క్లెమాన్స్ అడ్డంగా నిలబడింది.

"ఎలా ఉంది?"

"పెదాలకి రెండు పొరల రంగు వేశాను. కింద నీలంగా ఉన్నాయి. కూర్చుంటే ఊపిరి ఆడుతోంది, పడుకుంటే ఆడటం లేదు. నువ్వు వెళ్ళి ఆ దర్వియేకి చెప్పు. నేను చెబితే జెలీ నన్ను తిడుతుంది, నువ్వు తండ్రివి, ఏమీ అనదు."

దర్వియే నడవలోనే దొరికాడు. చుట్ట వెలిగించకుండా కొరుకుతూ, ఎవరినో వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూస్తున్నాడు.

"కొర్బో, నువ్వా. ఇక్కడేం పని నీకు?"

"అయ్యగారూ, ఒక మాట..."

"ముందు నా మాట విను. ఆ పిల్ల బుట్టలో చేపలే కాదు, మన ఏడాది కూడు కూడా మోస్తోంది. రెండో అంకం ఇలాగే దాటితే రేపు పొద్దున్నే కాంట్రాక్టు. మూడేళ్ళకి. నేను నోరుజారి కూడా ఎవరికీ ఇంత ఇస్తానని అనలేదు." గొంతు తగ్గించాడు. "ఒకవేళ తేడా వస్తే అదిగో, ఒర్తాన్స్ రంగు కూడా పూసుకుని కూర్చుంది. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఇంతకీ నీ మాటేమిటి?"

ఆ క్షణంలో గది లోపలి నుంచి జెలీ గొంతు సరిచేసుకోవడం వినిపించింది. ఒక్క స్వరం. కింది నుంచి పైకి ఎక్కి, ఎక్కడా వణక్కుండా నిలిచింది.

"ఏం లేదు," అన్నాడు ఆంబ్రువాజ్. "రెండో అంకంలో నవ్వులు కాస్త ఎక్కువ పెట్టిస్తున్నాను. మీకు చెబుదామని."

"పెట్టించు. నవ్వుకి ఎవడైనా వద్దంటాడా?"

*

తెర లేచింది. వైస్రాయ్ కోట. బంగారు కాగితం అంటించిన స్తంభాలు, నల్లబట్టల్లో స్పెయిన్ దొరలు, దొరసానులు. మధ్యలో ఎర్రజోళ్ళతో జెలీ.

మొదటి అడుగులోనే తూలింది. అది పుస్తకంలో ఉన్నదే. ఆంబ్రువాజ్ టోపీ ముట్టుకున్నాడు. బిదాల్ పొట్ట కదిలింది, వరస కదిలింది, హాలు కదిలింది.

రెండోసారి తూలింది. అది పుస్తకంలో లేదు. టోపీ. నవ్వు.

పాట మధ్యలో ఊపిరి తెగింది. ఒక మాట సగంలో పోయింది. ఆర్కెస్ట్రా నాయకుడు తలెత్తి చూశాడు. ఆంబ్రువాజ్ టోపీ ముట్టుకున్నాడు. ఆ తెగిన చోటుని నవ్వు వచ్చి నింపేసింది. వైస్రాయ్ వేషం కట్టిన నటుడికి ఇదంతా ఆమె అప్పటికప్పుడు కల్పించిన తమాషా అనిపించింది. తానూ అందుకున్నాడు. ఆమె తూలినప్పుడల్లా తన కిరీటం పట్టుకుని తానూ తూలాడు. హాలు పగలబడింది.

ఇక టోపీతో పని లేకపోయింది. జనం వాళ్ళంతట వాళ్ళే నవ్వుతున్నారు. పక్కవరసలో థియేటర్ డాక్టరు కూర్చుంటాడు. ఎవరికైనా ఏమైనా అయితే చూడడానికని ప్రతి ఆటకీ అతనికో సీటు ఉంటుంది. అతను కళ్ళజోడు తీసి నీళ్ళు తుడుచుకుంటున్నాడు. నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్ళు.

ఆంబ్రువాజ్ చూపు విసనకర్ర మీదే ఉంది. కుడిచేతిలో ఉంది. కుడిచేతిలోనే ఉంది.

పాట చివరి చరణంలో ఆ పిల్ల వైస్రాయ్ ముందు మోకాళ్ళ మీద కూలబడాలి. జెలీ కూలబడింది. తల వంగింది. విసనకర్ర నెమ్మదిగా ఎడమ చేతిలోకి మారింది. వేళ్ళు విప్పుకున్నాయి. అది చెక్కల మీద పడిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. కానీ పడడం అతను చూశాడు.

లేచి నిలబడ్డాడు.

"ఆపండి," అని అరిచాడు. "తెర దించండి. ఆమె నిజంగానే..."

తర్వాతి మాట అతనికే వినపడలేదు. గురువుగారు లేచారు. షాండ్లియర్ కింద జట్టు మొత్తం ఒక్క మనిషిలా లేచింది. బిదాల్ రెండు చేతులూ తలపైకెత్తి బాదాడు. ఏడుపుల ఆడవాళ్ళు కూడా రుమాళ్ళు ఊపుతూ కేక వేశారు. "బిస్, బిస్, బిస్." కొత్తవాడు బెంచీ ఎక్కి కాళ్ళతో తొక్కాడు. ఆ కేక కింది వరసల నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి పైకప్పు దాకా పాకింది.

ఆంబ్రువాజ్ చేతులు అడ్డంగా ఊపాడు. ఇంకా గట్టిగా అడుగుతున్నాడనుకుని వాళ్ళు ఇంకా గట్టిగా అరిచారు. డాక్టరుని భుజం పట్టుకుని కుదిపాడు. "చూడండయ్యా, ఆమె పెదాలు చూడండి." డాక్టరు నవ్వుతూ అతని చెయ్యి విదిలించుకున్నాడు. "నీ పని బాగానే చేస్తున్నావు మేస్త్రీ, మా మీద పడకు. మా చప్పట్లు మేం కొడుతున్నాం కదా."

అప్పుడు అతనికి ఒక్కటే తోచింది. ధబ్బున సీట్లో కూర్చున్నాడు. వెంటనే జట్టు చేతులు దించింది. బిదాల్ కేక సగంలో ఆగిపోయింది. వాళ్ళు నిశ్శబ్దంగా అతని వైపు చూశారు.

హాలు మాత్రం ఆగలేదు. కూలి లేని జనం, గుర్తులు తెలియని జనం, నిజంగా సంతోషించిన జనం. వాళ్ళని ఆపే గుర్తు అతని దగ్గర ఏదీ లేదు.

రంగం మీద జెలీ తల ఎత్తింది. ఆమె అంతకుముందే అతన్ని చూసింది. షాండ్లియర్ కింద నిలబడిన తండ్రిని, చేతులు ఊపుతున్న తండ్రిని. చిన్నప్పుడు వంటగది బల్ల మీద బొమ్మల్ని నిలబెట్టి ఆ గుర్తులన్నీ ఆమెకి నేర్పింది అతనే. లేవడానికి అర్థం ఏమిటో ఆమెకి తెలుసు. ఆమె ముఖం మీదకి ఒక నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఆ నాటకంలో ఎక్కడా లేదు.

ఆర్కెస్ట్రా నాయకుడు కర్ర ఎత్తాడు. జనం మళ్ళీ పాడమంటే పాడడమే అక్కడి ఆచారం. జెలీ నేలకి చెయ్యి ఆనించి లేచింది. ఎర్రజోళ్ళ మీద నిలబడింది. మొదటి చరణం పాడింది. రెండోదాంట్లో అడుగు పెట్టింది.

ఆమె పడినప్పుడు ఆ సాయంత్రం మొత్తంలో అన్నిటికన్నా పెద్ద నవ్వు వచ్చింది. నవ్వు ఆపిన మొదటి మనిషి వైస్రాయ్. అతను వంగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కిరీటం తీసేసి పక్కతెరల వైపు చూసి తెర దించమని సైగ చేశాడు.

*

గది తలుపు దగ్గర దర్వియే అతన్ని ఆపాడు. లోపల ఆ డాక్టరే ఉన్నాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

"నువ్వెక్కడికి? మూడో అంకానికి ఒర్తాన్స్ వెళ్తోంది. హాలుకి చెప్పాం, చిన్న అస్వస్థత అని. నీ మనుషులు తలలేని కోళ్ళలా కూర్చున్నారు. పద, నీ చోటికి పద."

"నేను ఆమె తండ్రిని," అన్నాడు ఆంబ్రువాజ్.

దర్వియే చుట్ట నోట్లోంచి తీశాడు. మూడేళ్ళ కాంట్రాక్టు గుర్తొచ్చిందో, విరామంలో 'ఏం లేదు' అన్న మాట గుర్తొచ్చిందో, పక్కకి తప్పుకున్నాడు.

క్లెమాన్స్ నేల మీద కూర్చుని జోళ్ళ రిబ్బన్లు కత్తిరిస్తోంది. అవి కాళ్ళలోకి దిగిపోయాయి. జెలీని దిళ్ళకి ఆనించి కూర్చోబెట్టారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె పెదాల మీది రంగు తుడిచేశారు.

అతను ఆమె పక్కన కూర్చున్నాడు. ఎలా చెప్పాలో దారి పొడుగునా వెతుక్కుంటూ వచ్చాడు. విసనకర్ర చూశాను తల్లీ, ఆపించడానికే లేచాను, వాళ్ళు వినలేదు. ఈ మాటలే.

"నాన్నా," అంది జెలీ. ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంది. "నువ్వు లేచావు."

అతను నోరు తెరిచాడు.

"విసనకర్ర పడేశాను... చూడలేదనుకున్నాను. తర్వాత నిన్ను చూశాను. అంత బాగుందా నాన్నా? మన ఒప్పందం కూడా మరిచిపోయేంత?"

క్లెమాన్స్ కత్తెర ఆగింది. ఆమె తలెత్తి అతని వైపు చూసింది.

పైన చెక్కల మీద నాట్యగత్తెల అడుగులు దడదడలాడాయి. మూడో అంకం మొదలైంది. ఒర్తాన్స్ గొంతు గోడల్లోంచి సన్నగా వచ్చింది.

"అంత బాగుంది," అన్నాడు ఆంబ్రువాజ్. "కూర్చోలేకపోయాను."

"ఊరికే లేవవు కదా నువ్వు."

"ఊరికే లేవను."

ఆమె కళ్ళు మూసుకుంది. చెయ్యి అతని చేతిలోనే ఉంది. హాల్లో నవ్వు వినిపించింది. ముందు బిదాల్‌ది, తర్వాత అందరిదీ. గురువు లేకపోయినా వాడు పని నడిపించేస్తున్నాడు. ఆ నవ్వు తగ్గేసరికి ఆ చేతిలో బరువు మారింది. డాక్టరు వంగి చూసి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

*

మోంమార్త్ర్ శ్మశానంలో సన్నటి వాన పడుతోంది. పత్రికలన్నీ ఆమె గురించి రాశాయి. చివరి నిమిషం దాకా నవ్వించిన కళాకారిణి అని. జనం బాగానే వచ్చారు. దర్వియే నల్లకోటు వేసుకుని మాట్లాడడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

బిదాల్ టోపీ చేత్తో పట్టుకుని ఆంబ్రువాజ్ దగ్గరికి వచ్చాడు. నిజం వాడికి ఆట మర్నాడే తెలిసింది. ఆ లేవడం ఎందుకో కూడా తెలిసింది. వాడి కళ్ళు రెండు రోజులుగా నిద్రలేనట్టున్నాయి.

"గురువుగారూ, మావాళ్ళందరూ వచ్చారు. ఎక్కడ నిలబడమంటారు?"

"మీ ఇష్టం."

"మీరు చెబితేనే బాగుంటుంది. మాకు... ఇలాంటి చోట ఏం చెయ్యాలో తెలియదు."

"ఏమీ చెయ్యక్కర్లేదు బిదాల్. నిలబడండి, చాలు."

వాళ్ళు వెళ్ళి గోతికి అటువైపు నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే హాల్లో కూర్చునే వరసల్లోనే నిలబడ్డారు. ముందు బిదాల్, పక్కన ఏడుపుల ఆడవాళ్ళు, చివర కొత్తవాడు. అందరి కళ్ళూ అలవాటుగా అతని మీదే ఉన్నాయి.

దర్వియే బాగా మాట్లాడాడు. ఆ చివరి బిస్ గురించి కూడా మాట్లాడాడు. అటువంటి గౌరవం ఈ నగరంలో ఎందరికి దక్కింది అన్నాడు. పెట్టె తాళ్ళ మీద కిందికి దిగింది. క్లెమాన్స్ ఎర్రరిబ్బను ముక్క ఒకటి దానిమీదకి జారవిడిచింది.

ఆంబ్రువాజ్ కళ్ళకి ఏమీ కనపడకుండా పోయింది. చెయ్యి దానంతటదే కోటుజేబులోకి వెళ్ళింది. వేళ్ళకి చేతిగుడ్డ తగిలింది.

గోతికి అటువైపు వరసలో కదలిక మొదలైంది. ఆడవాళ్ళిద్దరి గడ్డాలు వణకడానికి సిద్ధమయ్యాయి. కొత్తవాడు భుజాలు సర్దుకున్నాడు. బిదాల్ వద్దన్నట్టు తల ఊపుతూనే ఉన్నాడు, అయినా వాడి నోరు కూడా ఏడుపుకి తెరుచుకుంటోంది. ఏళ్ళ తరబడి అతను నేర్పిన పని అది. వాళ్ళ చేతుల్లో లేదు.

అతను జేబులోంచి చెయ్యి ఖాళీగా బయటికి తీశాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. ముఖం తుడుచుకోకుండా, మట్టి వేయడం పూర్తయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.